పదిహేడు సెకన్లు నేల విడిచిన మా బావ

పోయినవి ముందు లెక్కపెడతాను. నాకు వేరే పద్ధతి తెలియదు. ఒక మనిషి, వయసు అరవై మూడు. స్టీలు ప్లాంటు ఆక్సిజన్ గొట్టాల మధ్య ముప్పై ఆరేళ్లు పని చేసిన రెండు చేతులు. వాల్వు సరిగా బిగిసిందో లేదో చెవి ఆనించి చెప్పే విద్య ఒకటి, అది ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు. మా అక్క రమణమ్మకు ముప్పై ఎనిమిదేళ్ల తోడు. క్యాంప్ 1 సందులో నాలుగిళ్ల అవతలికి వినిపించే ఒక నవ్వు. భిలాయి తెలుగువాళ్లలో, నాకు తెలిసినంతలో, యంత్రాన్ని వీపుకు కట్టుకుని నేల విడిచి లేచిన ఒకే ఒక్కడు. మొత్తం ఆరు. ఆరూ కలిపితే కోరాడ సన్యాసిరావు గారు. మా బావ.

పోయిన నెల, ఒక మంగళవారం పొద్దున్న ఆరూ నలభైకి అక్క ఫోను చేసింది.

"తమ్ముడూ, మీ బావ లేగటం నేదురా. టీ చల్లారిపోనాది. నువ్వోపాలి రా."

నెహ్రూ నగర్‌లోని మా ఇంటి నుంచి అక్కడికి స్కూటరు మీద పావుగంట. ఆ రోజు తొమ్మిది నిమిషాల్లో వెళ్లాను. అప్పటికే వచ్చిన డాక్టరు, గుండె ఆగి గంట దాటిందన్నాడు. నేను మిగిల్చిన ఆరు నిమిషాలు దేనికీ పనికిరాలేదు.

ఆయన గురించి నన్నే రాయమన్నారు మన తెలుగు సంఘం పెద్దలు. బావమరిదివి, నీకన్నా దగ్గరివాడెవడన్నారు. నిజమే. అక్క పెళ్లినాటికి నాకు పదిహేనేళ్లు. అప్పటినుంచీ ఆయన్ని దగ్గర నుంచి చూసినవాణ్ని, చూసి కుళ్లుకున్నవాణ్ని. ఆ రెండోమాట దాచి రాస్తే ఇది దొంగతూకం అవుతుంది.

నేను లారీలు తూచే ధరమ్ కాంటాలో గుమస్తాను. పదో తరగతితో బడి ఆగింది. ఆపైన నేర్చిన గణితమంతా పాత పుస్తకాల బండి మీద కొన్న పుస్తకాల్లోంచి, ఒంటరిగా నేర్చుకున్నదే. బావ ఎనిమిది దాటలేదు. అయినా ప్లాంటు ఇంజనీర్లు ఆయన్ని 'రావ్ సాబ్' అనేవారు. నన్ను డ్రైవర్లు 'ఓయ్ కాంటేవాలే' అనేవారు.

ఒకసారి ఆయన ఇత్తడి వాల్వు ఒకటి చేతిలో ఎగరేసి పట్టుకుని, "పదమూడు వందల నలభై గ్రాములు" అన్నాడు. నా కాటా పదమూడు వందల యాభై చూపించింది. నాకు సంతోషం వేసింది. ఆయన తాపీగా వాల్వు తిప్పి చూసి, లోపల ఇరుక్కున్న చిన్న రబ్బరు బిళ్ల గోటితో తీసి నా అరచేతిలో పెట్టాడు. "ఇప్పుడు తూచు" అన్నాడు. పదమూడు వందల నలభై. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఆక్సిజన్ గొట్టంలో నూనెచుక్క పడితే నిప్పు పుడుతుంది. ఆ భయాన్ని ఆయన ఇంటిదాకా తెచ్చుకున్నాడు. పెరటి షెడ్డులోకి తలకు నూనె రాసుకున్నవాళ్లకు ప్రవేశం లేదు. డ్యూటీ రోజుల్లో ఆవకాయ ముట్టేవాడు కాదు. పెళ్లయిన కొత్తలో అక్క టీ పట్టుకుని షెడ్డు గుమ్మం దాటబోతే, "ఓలమ్మా, ఆ జడతో లోపలికి రాకే!" అని కేకపెట్టాడట. "కొబ్బరినూనె రాసుకోని తెలుగు ఆడదాన్ని ఎక్కడ నుంచి తెచ్చుకుంతారో తెచ్చుకోండి" అని అక్క గ్లాసు గుమ్మంలో పెట్టి వచ్చేసింది. ముప్పై ఎనిమిదేళ్లూ ఆ టీ గుమ్మంలోనే అందింది.

ఇక అసలు సంగతికి వస్తాను. గాయాలు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్ అందరికీ తెలిసిందే. దాన్నే బాగా గాఢంగా చేస్తే స్వభావం మారిపోతుంది. వెండి జల్లెడల దొంతర గుండా తోస్తే చటుక్కున విడిపోయి, ఒళ్లు కాల్చే ఆవిరీ ఆక్సిజనూ అవుతుంది. మంట ఉండదు, చెవులు చిల్లులుపడే హోరు మాత్రం ఉంటుంది. ఆ ఆవిరిని రెండు గొట్టాల్లోంచి కిందికి వదిలితే, వాటిని వీపుకు కట్టుకున్న మనిషి పైకి లేస్తాడు. మోయగలిగినంత ద్రవం అర నిమిషంలోపే అయిపోతుంది కనుక, ఎగరడమూ అంతసేపే. మా ఊళ్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ మేడమ్ అనుమతులన్నీ తెచ్చుకుని నిరుడు అలాంటి యంత్రం తలపెట్టారు. మనిషిని తాళ్లతో దూలానికి కట్టి, కొద్ది ఎత్తు లేపి దించాలన్నది ఏర్పాటు. వాల్వుల కోసం రిటైరైన బావను పిలిచారు. లెక్కల కోసం బావ నన్ను తీసుకెళ్లాడు.

"మేడమ్, యే మేరా సాలా హై. హిసాబ్ మే పక్కా" అన్నాడు. హిందీలో సాలా అంటే బావమరిదే, తిట్టు కూడా అదే. కాలేజీ పిల్లలు నవ్వారు. ఆ నవ్వు కూడా నా ఖాతాలోనే పడింది.

విద్యార్థులెవరినీ ఎక్కించనని మేడమ్ ముందే చెప్పారు. మిగిలింది బావా, నేనూ. ఆ పట్టీల్లో నిలబడాలని నాకెంత కోరికో ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్లుగా లోకంలో ఉన్న బరువులన్నీ రాస్తున్నవాణ్ని. ఒక్కసారి, కొన్ని సెకన్లు, నేల మీద నా బరువు సున్నా కావాలని ఉండేది. కానీ బావ ముందే తేల్చేశాడు. "నాను బిగించిన వాల్వు మీద ఇంకోడి పానం ఏలాడదీయను. నానే ఎక్కుతాను." అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అప్పుడు లెక్క నా చేతికి వచ్చింది. యంత్రం తోపు, అంటే పైకి నెట్టే బలం, 131 కిలోలు. ద్రవంతో సహా యంత్రం బరువు 47. హెల్మెట్, దుస్తులు, బూట్లు 5. మొత్తం బరువు కన్నా తోపు నూటికి పది ఎక్కువ ఉండాలన్నారు మేడమ్. ఆ ప్రకారం మనిషి 67 కిలోల వరకు ఉండవచ్చు. బావ 71. నాలుగు తగ్గితే చాలు, నాలుగు ఎవడైనా తగ్గుతాడు. నేను పదికి బదులు పదిహేను వేశాను. 62 వచ్చింది. నేను 61.

కాగితం మీద చివరి అంకె ఒక్కటే రాసిచ్చాను. అడిగితే భద్రత కోసమని చెప్పుకోవచ్చు. ఎవరూ అడగలేదు.

"తొమ్మిదేటిరా! నాను మనిషినా, గుమ్మడికాయనా, తొమ్మిది కిలోలు కోసీడానికి?" అన్నాడు బావ.

"లెక్క అలాగొచ్చింది బావా."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే. లెక్కలోడు చెప్పీసేక ఇంకేటుంది" అన్నాడు.

అరవై రెండేళ్ల మనిషి, నెలన్నర చూసి ఒగ్గేస్తాడనుకున్నాను. ఆయన మొదట క్యాంప్ 1 చౌరస్తాలో రోజూ తినే పోహా జిలేబీ మానేశాడు. తరువాత రాత్రి అన్నం మానేశాడు. అక్క నా ఇంటికొచ్చి పోట్లాడింది. "నీ లెక్కకి నిప్పెట్టా! కంచంలో ఉడతకి పెట్టినట్టు పెట్టమంతన్నారు. నువ్వు చెప్తే ఇంతారు, చెప్పు" అంది. అది యంత్రం చెప్పిన మాట, నాది కాదన్నాను.

ప్రతి ఆదివారం ఆయన నా కాంటాకు వచ్చి, సంచులు తూచే కాటా ఎక్కేవాడు.

"ఏటి?"

"అరవై తొమ్మిది."

"నాను రాత్తిరి ఏటీ తిన్నేదు. నీ కాటా ఏటి తిన్నాది మరి?"

పద్నాలుగో ఆదివారం ముల్లు 62 దగ్గర ఆగింది. నమ్మలేక ఆయన్ని దింపి మళ్లీ ఎక్కించాను. మళ్లీ అదే. మెడ ఎముకలు తేలాయి, బెల్టుకు కొత్త చిల్లులు మూడు పడ్డాయి, నవ్వు మాత్రం తూకంలో తగ్గలేదు.

ఎగిరిన రోజు గడియారం నా చేతిలో ఉంది. హోరు మొదలయ్యింది. బూట్ల కింద దుమ్ము గుండ్రంగా విచ్చుకుంది. తరువాత ఆ బూట్లకూ నేలకూ మధ్య వెలుతురు కనిపించింది. మీటరుంబావు ఎత్తు, పదిహేడు సెకన్లు. ఆయన మొహంలో గర్వం లేదు, భయం లేదు. తల ఓ పక్కకు వాల్చి, షెడ్డులో వాల్వు వింటున్నట్టే వింటున్నాడు. ఆయన పడిపోవాలని నేను ఒక్క క్షణం కూడా కోరుకోలేదు, అది ప్రమాణం చేసి చెప్పగలను. అక్కడున్నది నేనైతే బాగుండునని మాత్రం పదహారు సెకన్లు అనుకున్నాను. పదిహేడోదానిలో నేనూ అరిచాను. ఏమని అరిచానో తెలియదు.

హిందీ పేపర్లో ఫోటో వచ్చింది. అందులో నా మోచెయ్యి ఉంది.

దిగగానే ఆయన హెల్మెట్ తీసి మొదట నా దగ్గరికే వచ్చాడు. "ఒరే, శానా తేలిగ్గా లేపీసినాదిరా. వాల్వు మొత్తం తిప్పనక్కర్లేకపోనాది. నీ లెక్కలో ఏటో ఎక్కువ పడింది. అసలు నానెంత తగ్గితే సరిపోను?"

"మళ్లీ చూసి చెప్తాను బావా."

ఆ మాట ఏడాది పాటు చెప్పాను. నిజం చెబితే కోప్పడేవాడు కాదు, నా బాధ అదే. పకపకా నవ్వి, పోహా దుకాణం దగ్గర పదిమందికీ చెప్పేవాడు. ఆ కథలో కూడా ఆయనే పెద్దవాడయ్యేవాడు, క్షమించినవాడయ్యేవాడు. ఆ పెద్దరికం ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. పోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం, అలవాటు కొద్దీ కాంటాకు వచ్చాడు. కాటా ఎక్కి దిగి మళ్లీ అడిగాడు. "ఎన్నాళ్లు చూస్తావురా ఒక్క అంకెని? లారీలు గంటకి ఇరవై తూస్తావు!" లారీ హారన్ కొడుతోంది, రేపు చెప్తానన్నాను.

తగ్గిన బరువుకూ ఆగిన గుండెకూ సంబంధం లేదని డాక్టరు అన్నాడు. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ లేదన్నాడు. పదోరోజున భోజనాలయ్యాక అక్క నా పక్కన కూర్చుంది. "ఆకలేస్తే నీళ్లు తాగీసి పడుకునీవోరురా. 'మనోడి లెక్క తప్పదే, ఇంకొంచెం ఓర్చుకుంతాను' అనీవోరు. నీ మీద అంత గురి ఆయనికి" అంది. నేను విస్తరి మడిచి లేచిపోయాను.

అటువంటి చేతులు మన ఊరికి మళ్లీ రావు. షెడ్డులో పనిముట్లు పిల్లలకిచ్చేశాం. చెవి ఎవరికీ ఇవ్వలేకపోయాం. ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ అసూయే కలుగుతోంది. ఒకరు రాసిచ్చిన అంకెను అడగకుండా నమ్మి, ఆకలిని ఓర్చుకోగలిగిన మనిషి మీద కలిగే అసూయ అది. నేనెవరినీ అలా నమ్మలేదు. ఇది అక్క చదువుతుంది, మీరంతా చదువుతారు. చదవాలనే రాస్తున్నాను.

బావా, లెక్క చూశాను. నాలుగు తగ్గితే సరిపోయేది. నువ్వు తగ్గింది తొమ్మిది. నీ కంచంలోంచి నేను తీసింది, ఈ రోజుకీ నీకు తీర్చనిది, అయిదు కిలోలు.