సుగుణమ్మ అలికిన బ్రూడరు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, క్రిస్మస్ దాటిన వారం, కప్పగల్లు అవతల ఉన్న ఒక చిన్న పల్లెకు నన్ను కోడిపిల్లల పంపిణీ మీద వేశారు. అప్పుడు నేను వెటర్నరీ ఇన్‌స్పెక్టరుని. అంటే డాక్టరుకు కింద, అటెండరుకు పైన. టీకాలు వేయడం, ఊళ్లు తిరిగి చూడడం, రిపోర్టు రాయడం మా పని. సంతకం డాక్టరుది, తిట్లు మావి.

అంతవరకు ఆడవాళ్ల సంఘాలకు నెల దాటిన పిల్లల్నే ఇచ్చేవాళ్లం. ఈసారి ఒక్కరోజు పిల్లల్ని ఇచ్చి చూద్దామని నేనే పట్టుబట్టాను. మా అసిస్టెంట్ డైరెక్టరుకు అది సుతరామూ ఇష్టం లేదు. సరే, ఒక్క ఇంట్లో యాభై పిల్లలు పెట్టి చూడు, మొదటి వారంలో ఐదుకు మించి చచ్చాయా, అందరికీ ఆపేస్తాను అన్నారు. ఆ ఒక్క ఇల్లు సుగుణమ్మది. వెనుక ఇంకో పదిమంది ఆడవాళ్లు వరుసలో ఉన్నారు.

సుగుణమ్మ పాత మిషన్ సంఘం మనిషి. ఏటా మిరప కోతకు పోయి, చేతులు మండి, రాత్రిళ్లు మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. ఈ కోళ్లు నిలబడితే కోతకు పోవడం మానేస్తానని నాతో చెప్పింది. ఇంట్లో అత్తగారు మరియమ్మకు ఉబ్బసం. ఊక దుమ్ము పడదు. అందుకే బ్రూడరును ఇంటి బయట, వాకిట్లో రేకుల చావడి కింద పెట్టించాను.

బ్రూడరంటే పెద్ద యంత్రమేమీ కాదు. తల్లికోడి రెక్కల కింద దొరికే వెచ్చదనాన్ని మనం ఏర్పాటు చేయడమే. అట్టముక్కలతో గుండ్రంగా దడి కట్టాలి. మూలలుంటే పిల్లలు అక్కడ గుంపుగా చేరి, అడుగున పడ్డవి నలిగి చస్తాయి. కింద ఊక పరచి, దానిపైన కాగితం వేసి, మధ్యలో బల్బు వేలాడదీయాలి. కరెంటు పోతే బొగ్గుల కుండ. మొదటి వారం తొంభై ఐదు ఫారన్‌హీట్ డిగ్రీల వేడి ఉండాలి. దాన్ని కూడా పిల్ల వీపు ఎత్తున కొలవాలి. ఇదంతా అప్పజెప్పి, చివర్లో ఉపన్యాసంలాగా ఒక మాట అన్నాను: పిల్లలుండే చోటు మన ఇల్లంత శుభ్రంగా ఉండాలి.

మంగళవారం పిల్లల్ని దింపాను. శనివారం సాయంత్రం తనిఖీకి వెళ్లేసరికి మూడు చచ్చి ఉన్నాయి. మిగిలినవి బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కి కీచుమంటున్నాయి. అది చలి గుర్తు. వేడి ఎక్కువైతే దడి అంచులకు పోయి నోళ్లు తెరుస్తాయి, సరిపోతే అంతటా చెదిరి తిరుగుతాయి. ఈ పాఠం నేను ఎందరికో చెప్పినవాణ్ణే. కానీ థర్మామీటరు తొంభై ఐదు చూపిస్తోంది. నా థర్మామీటరు మీద నాకున్న గురి అంతా ఇంతా కాదు. బల్బు కాస్త దించాను, మళ్లీ ఎత్తాను. ఏదైనా తెగులేమోనని పుస్తకంలో ఉన్న రోగాలన్నీ తలచుకున్నాను. సుగుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

గడప లోపలి మంచం మీది నుంచి మరియమ్మ దగ్గుకుంటూ అంది: "ఏందప్పా, వచ్చినప్పట్నుంచి ఆ గాజుకడ్డీనే చూస్తాండావు. పిల్ల కాళ్లు స్వల్ప పట్టి చూడప్పా!"

పట్టి చూశాను. మంచుగడ్డలా చల్లగా, తడిగా ఉన్నాయి. ఊక కింద అరచెయ్యి పెడితే నేల చెమ్మ. పేడ వాసన.

అలికావా అని అడిగాను.

"మీరే చెప్తిరి గదా సార్, మన ఇల్లెట్లుంటాదో అట్లుండాలని! రేపు ఆదివారం. పాస్టరయ్య ప్రార్థనకు వస్తాడని పొద్దున్నే ఇల్లూ వాకిలీ అలికితిని. వాటి ఇల్లు మాత్రం అలక్కుంటే యెట్ల?"

ఆరేదాకా ఆగి ఉంటే కొంత నయమయ్యేది. కానీ గంపలో పిల్లలు అరుస్తుంటే ఆమెకు మనసొప్పలేదట. పచ్చి నేల మీదే ఊక పోసి వదిలేసింది. పైన నా బల్బు, కింద తడి నేల. థర్మామీటరు అబద్ధం చెప్పలేదు, నేను పెట్టిన చోటు వేడిని చెప్పింది. ఆమెను కోప్పడబోయాను గానీ, ఏ నోటితో? మా ప్రాంతంలో శుభ్రమంటే అలకడమే. మా అమ్మా శనివారం శనివారం అలికేది. అది తెలిసీ ఆ మాట వాడింది నేను.

పిల్లల్ని గంపలో వేసి బొగ్గుల కుండ పక్కన పెట్టించాను. తడి ఊక ఎత్తించి, నేల మీద గోనెసంచులు రెండు వరుసలు పరిచి, ఎమ్మిగనూరు రైసుమిల్లు నుంచి తెచ్చిన కొత్త ఊక పోశాం. చీకటి పడకముందే పిల్లలు విడిపడి తిరగసాగాయి. మర్నాడు పొద్దున వెళ్తే ఇంకొకటి చచ్చి ఉంది. మొత్తం నాలుగు. పాస్టరుగారు కోడిపిల్లల కోసం ప్రార్థన చేస్తుంటే, సుగుణమ్మ నా పేరూ అందులో చేర్పించింది. నాకు నవ్వూ వచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి.

వారం ముగిసినా ఆ లెక్క నాలుగు దాటలేదు. రిపోర్టులో చావుకు కారణమనే గడిలో చలి అని రాసి, దానికి కారణం ఇన్‌స్పెక్టరు ఇచ్చిన అస్పష్టమైన సూచన అని చేర్చాను. ఇన్నేళ్ల సర్వీసులో తన మీద తానే మెమో రాసుకున్నవాణ్ణి చూడలేదని అసిస్టెంట్ డైరెక్టరు అన్నారు. పదిమందికీ పిల్లలు మంజూరయ్యాయి. వాళ్లకు నేర్పింది సుగుణమ్మే. థర్మామీటరు ముట్టకముందు అందరి చేతా ఊక కింద అరచెయ్యి పెట్టించింది. ఆ ఏడాది తర్వాత ఆమె మిరప కోతకు పోలేదు.

అప్పటినుంచి శుభ్రంగా అనే మాట మాని పొడిగా అని చెప్పాను. చెప్పిన నాలుగోరోజు వెళ్లి, నా మాట ఆ ఇంట్లో ఏ పనిగా మారిందో చూసొచ్చాను. అది చూడనిదే సలహా ఇచ్చినట్టు కాదు. సుగుణమ్మ వాకిలి ఇప్పటికీ ప్రతి శనివారం అలుకుతుంది. చావడి కింద మాత్రం, బ్రూడరు వెడల్పున, గుండ్రంగా ఒక చోటు అలక్కుండా వదిలేస్తుంది.