సుజన ఫారంలో నేను పెట్టించిన ‘లేదు’

స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయిన రోజు పొగకు అలారం మోగి మా అపార్ట్‌మెంట్ మొత్తం కెనడాలోని ఈ విన్నిపెగ్ చలిలో రోడ్డు మీద నిలబడింది. ఫైరింజన్ వచ్చింది. పక్కింటి పెద్దాయన ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులోకి దిగాడు. ఆయన కాళ్ళు చూశాక నాకు మొదటిసారి భయం వేసింది. మతిమరుపని నవ్వేసి ఊరుకునే సంగతి కాదిది.

ఫ్యామిలీ డాక్టర్ బోలెడు ప్రశ్నలు అడిగారు. బీపీ, ఈసీజీ చూశారు. చివరికి ఆవిడ, "ఏడీహెచ్‌డీ, ధ్యాస ఒకచోట నిలవని సమస్య. ముప్పై ఆరేళ్ళకు తెలిసింది, ఫర్వాలేదు" అన్నారు. మాత్ర మొదలుపెట్టిన వారంలో, మొదలెట్టిన ఈమెయిల్ ఒకటి చివరిదాకా రాయగలిగాను. కూర్చుని ఏడ్చేశాను.

ఇక నా నోరు ఊరుకుంటుందా? తాళాలు పోగొట్టుకున్నవాళ్ళనీ, పాట్‌లక్ విందుకు తెచ్చిన పప్పులో ఉప్పు మర్చిపోయినవాళ్ళనీ టెస్టు చేయించుకోమనేదాన్ని. "గుమ్మానికి డాక్టరమ్మ బోర్డు తగిలించనా?" అని మావారు ఏడిపించేవారు.

సుజన మా ఆఫీసు టీములో అమ్మాయి. ఇక్కడ తనవాళ్ళెవరూ లేరు, నన్నే అక్కా అంటుంది. పనిలో తప్పులు వస్తున్నాయని దిగులుపడితే నేనే అపాయింట్‌మెంట్ తీసుకుని క్లినిక్‌కు వెంట వెళ్ళాను. ఫారం నింపుతూ ఒకచోట ఆగింది.

"అక్కా, ఫ్యామిలీలో ఎవరికైనా మెంటల్ ఇల్‌నెస్ ఉందా అని అడిగారు. మా అమ్మకి బైపోలార్. చుట్టాలకి కూడా తెలీదు."

మనిషిని ఒకసారి ఉద్రేకంలోకీ ఒకసారి దిగులులోకీ తోసే మనోవ్యాధి అది. మన ఇళ్ళలో అలాంటివి కాగితం మీద పెట్టం. సంబంధాలు చూస్తున్న పిల్ల కూడాను. పైగా అది రాస్తే స్పెషలిస్టు కోసం నెలలు ఆగమంటారని నా తొందర నాది.

"లేదని పెట్టేయ్. నీకు కాదుగా" అన్నాను. పెట్టేసింది.

తనకీ ఏడీహెచ్‌డీ అని నాలాంటి మాత్రే ఇచ్చారు. రెండు వారాలు బాగానే గడిచాయి. డోసు పెంచారు. ఆ తర్వాత మెసేజ్ మీద మెసేజ్. "అక్కా, నాకసలు నిద్రే అక్కర్లేదు, ఎంత వర్క్ అయిపోతోందో తెలుసా!" నేను సంతోషించాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సోమవారం మధ్యాహ్నం ఆఫీసు ముందు బస్టాప్‌లో కనబడింది. మైనస్ ఇరవై ఎనిమిది. ఒంటిమీద జాకెట్ లేదు. వేళ్ళు తెల్లబడిపోయాయి.

"జాకెట్‌లో మైక్ పెట్టారక్కా. టీమంతా వింటున్నారు."

నా కోటు కప్పబోతే తోసేసింది. "నువ్వూ వాళ్ళ మనిషివేనా?" అంది. ఆ కళ్ళు నేనెరిగిన సుజనవి కావు. అంబులెన్స్‌కు ఫోన్ చేశాను.

ఎమర్జెన్సీ డాక్టర్ రికార్డు చూసి, "ఫ్యామిలీ హిస్టరీ లేదు కదా?" అని అడిగారు. సుజన జవాబిచ్చే స్థితిలో లేదు. చెబితే వాళ్ళమ్మ రహస్యం, నా నిర్వాకం రెండూ బయటపడతాయి. చెప్పకపోతే ఈ పిల్ల ఏమైపోతుంది? చెప్పేశాను. లేదని పెట్టమన్నది నేనేనని కూడా చెప్పాను.

ఆయన కోప్పడలేదు. "మాత్ర ఒక్కటే కారణమని అనలేను. ఇది తెలిసుంటే మాత్రం ఆ మందు అలా మొదలుపెట్టేవాళ్ళు కాదు" అన్నారు. మేనియా అన్నారు, అంటే అదుపు తప్పిన ఉద్రేకం; సైకోసిస్ అన్నారు, అంటే లేనివి ఉన్నట్టు నమ్మడం. ఆ మాత్ర ఆపి వేరే మందులిచ్చారు. మూడు వారాలు వార్డులో ఉంది. మొదటి వారమంతా నన్ను చూస్తే గోడవైపు తిరిగేది. ఇక మామూలు మనిషి కాదేమోనని హడలిపోయాను.

వాళ్ళమ్మగారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆవిడ, "నేను వాడే మందు పేరు రాసుకోమ్మా. డాక్టరుగారికి చెప్పు, దానికీ పనికొస్తుందేమో" అన్నారు.

ఇప్పుడు సుజన సగం రోజు పనికి వస్తోంది. నా మాత్ర నేను వేసుకుంటూనే ఉన్నాను, నాకది మేలే చేసింది. తన దగ్గర్నుంచి వరసగా మూడు మెసేజ్‌లు వస్తే మాత్రం ఇప్పటికీ వెంటనే ఫోన్ చేసి, రాత్రి నిద్రపోయిందా అని అడుగుతాను.

మీకు జరిగింది స్నేహితులకు చెప్పండి, డాక్టర్ని కలవమనండి. అక్కడితో ఆగండి. ఇంట్లో దాచుకున్న జబ్బుల సంగతి కూడా డాక్టర్‌కు చెప్పుకోనివ్వండి.

పోయిన నెల సుజన డాక్టర్ దగ్గర ఫాలో-అప్‌కు నన్ను రమ్మంది. మళ్ళీ ఒక ఫారం ఇచ్చారు. పెన్ను తీసి, నా వంక చూసి నవ్వి, "అక్కా, నువ్వటు తిరుగు" అంది. నేను బుద్ధిగా కిటికీవైపు తిరిగి కూర్చున్నాను.