చుక్క పెడితే కనిపించే మాట

నాకు నోరెక్కువ. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నందిగామలో లారీ కాటాలకు సాఫ్ట్‌వేర్ చేసే చిన్న ఆఫీసులో లైబ్రరీ కోడ్ రాసేది నేను. దాన్ని వాడుకుంటూ ఏ మిల్లుకు తగ్గ స్క్రీన్లు ఆ మిల్లులోనే కూర్చుని రాసేది కొత్తగా చేరిన ఒకమ్మాయి. నా కోడ్‌లో బరువు, తేదీ లాంటి ఒక్కో వివరానికీ ఒక్కో పేరుంటుంది, దాన్నే ప్రాపర్టీ అంటాం. ఏ ప్రాపర్టీ దేనికో నేనెక్కడా రాసేవాణ్ణి కాదు. అడిగితే అరిచి చెప్పేవాణ్ణి.

"సార్, ఈ బరువు లారీతో కలిపాండీ?" అని ఫోన్ చేసేది.

"పేరు చూస్తే తెలీట్లా? లారీ బరువు తీసేశాకే!"

అలా అరిచి అరిచి గొంతు పోయింది. పదిహేను రోజులు నోరు విప్పొద్దన్నాడు డాక్టరు. సరిగ్గా అప్పుడే జగ్గయ్యపేట పత్తిమిల్లులో పని పడింది. ఇది ఒంటరిగా చేసుకొస్తేనే ఉద్యోగం ఖాయమని ఓనరు ఆ పిల్లకు తెగేసి చెప్పాడు. అడిగితే చెప్పడానికి నాకేమో గొంతు లేదు.

రెండు రోజులు కూర్చుని ప్రతి ప్రాపర్టీకీ వివరణ రాశాను. తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో. "ఖాళీ లారీ బరువు తీసేశాక మిగిలింది. కిలోల్లో. క్వింటాళ్లనుకునేవు, జాగ్రత్త!" కోడ్ రాస్తూ చుక్క కొడితే కంప్యూటర్ పేర్ల జాబితా చూపిస్తుంది; ఆమె అలా చుక్క పెట్టి ఆ పేరు ఎంచుకుంటే పక్కనే పసుపు డబ్బాలో ఈ మాటలు కనిపించాలి. సీడీ చేతికిచ్చి పంపాను.

పదకొండింటికి ఫోన్. "సార్, పేర్లొస్తున్నాయి గానీ వివరణలు రావట్లేదండీ!"

నా ఖర్మ! వివరణలుండే ఫైలు వేరే. అది లైబ్రరీ పక్కనే ఉండాలి. నేను లైబ్రరీ ఒక్కటే కాపీ చేశాను. ఆ ఫైలు ఇంకో సీడీలో వేసి, ఎక్కడ పెట్టాలో చీటీ రాసి, జగ్గయ్యపేట బస్సు కండక్టరు చేతిలో పెట్టాను. బస్టాండుకెళ్లి తీసుకోమని పక్క టేబులాయన చేత ఫోన్‌లో చెప్పించాను.

ఆ తర్వాత ఫోన్ మోగలేదు. మోగకపోతే ఇంకా భయమేసింది. సాయంత్రం ఆమే వచ్చింది.

"అయిపోయింది సార్! చుక్క పెడితే చాలు, మీరు పక్కన కూచుని తిడుతున్నట్టే ఉందండీ!"

చప్పుడు లేకుండా పడీపడీ నవ్వాను. ఉద్యోగం ఖాయమైంది. అంత సంతోషం నా మొదటి జీతానికి కూడా కలగలేదు.

గొంతొచ్చాక మళ్లీ కోడ్ రాయడానికి కూర్చున్నాను. లైబ్రరీలో ఆమె కొత్తగా చేర్చిన ప్రాపర్టీ ఒకటుంది. చుక్క పెట్టి చూస్తే పసుపు డబ్బా వచ్చింది.

"పత్తిలో తేమ, శాతంలో. అర్థం కాకపోతే అడగండి సార్, నేను అరవను."