నది ఇవ్వని తివాచీ

రాయపురంలో మా మేడ మీది గదికి ఇరాన్ నుంచి వచ్చిన న్యాయశాస్త్ర పండితుడు అద్దెకు దిగినప్పుడు, ఆయన రాజవంశంలో ఆఖరివాడని వీధిలో పుకారు పుట్టించింది నేనే. సాయంత్రానికల్లా ఆ మాట చేపల రేవు దాకా పాకింది. ఆయన చదువు మేధో సంపత్తి హక్కుల మీదని తెలిశాక, హక్కుల లాయరొచ్చాడంటూ పక్కింటాయన గోడ తగాదా పట్టుకొచ్చాడు. తన పని గోడల గురించి కాదు, కథల గురించని ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఇదీ నా కోతేనేమోనని పక్కింటాయన నావైపు అనుమానంగా చూశాడు.

కోత కాదు. అచ్చేసిన కథకు చట్టంలో యజమాని ఉంటాడు. ముసలమ్మ నోటితో చెప్పే కథకు ఎవరూ ఉండరు. విన్నవాడు తన పేరుతో అచ్చేసుకున్నా అడిగే దిక్కుండదు. అలా కాకూడదని, చెప్పినవాళ్ల అనుమతి తీసుకోవాలని, వాళ్ల పేరు వేయాలని ఆయన ఏళ్ల తరబడి ఒక పుస్తకం రాస్తున్నాడు. రాయడమే కాదు, అలాగే నడుచుకునేవాడు. నా కోతల్లో ఏదైనా నచ్చితే, కలం తీసే ముందు "రాసుకోవచ్చా అక్కా?" అనేవాడు.

"చిటికెడు ఉప్పుకి కూడా సంతకం పెట్టించేట్టుండారే సారూ!"

"ఉప్పు మీరు కొన్నది. అబద్ధం మీరు తయారుచేసింది," అనేవాడు నవ్వకుండా.

ఆయన తమిళం అరకొర, నా ఇంగ్లీషు అరకొర. రెండూ కలిస్తే మాకు సరిపోయేది. సాయంత్రాలు ఫోన్లో వాళ్లమ్మ కనిపించేది, తలకు పూల గుడ్డ చుట్టుకుని. ఆమె ఫార్సీలో ఒక కథ చెబితే నాకు మార్చి చెప్పేవాడు. నేనొకటి వదిలితే ఆమెకు చేరవేసేవాడు. మా మధ్య నలిగిపోయేవాడు పాపం.

"మీ తిమింగలం కథ నమ్మనంటోంది అమ్మ."

"నమ్మొద్దని చెప్పండి. వాళ్లూరి కొండ నడిచిందంటే నేను నమ్మినానా?"

వాళ్లమ్మ ఎన్ని కథలు చెప్పినా గొంతు రికార్డు చేయనిచ్చేది కాదు. మిషను ఊఁ కొట్టదు, దానికెందుకు చెప్పాలి అనేది. వద్దన్న పని కొడుకు చేయలేదు. చివరికొక సాయంత్రం నది కథ చెప్పి, "ఇదొక్కటి రాసుకో, నా పేరు వెయ్యి" అంది. ఆయన ముఖం చూడాలి అప్పుడు! పుస్తకం దానితోనే మొదలవుతుందన్నాడు. తను పాఠాలు చెప్పే కాలేజీలో పరీక్షల పని తీరాక మళ్లీ చెప్పించుకుని రాద్దామనుకున్నాడు.

ఆ పని తీరకముందే ఆమె పోయింది. అప్పుడు అక్కడికి విమానాలు నడవడం లేదు. మేడమెట్ల మీద కూర్చుని, తల్లిని మట్టి చేయడం ఫోన్లో చూశాడు. నేను పక్కనే కూర్చున్నాను.

కొన్నాళ్లకు కాగితాలు పట్టుకుని కిందికి దిగాడు.

"అక్కా, నది కథ చెప్పండి. ఆ రోజు నేను మాటలు వెతుక్కోవడంలో ఉండిపోయాను, కథ నాలో నిలవలేదు. విన్నది మీరే."

ఆ కథను వీధిలో ఎంతమందికి చెప్పానో, చెప్పినప్పుడల్లా ఎంత కలిపానో! అయినా మొదలుపెట్టాను. ఒక ముసలామె నదిలో తివాచీ ఉతుకుతుంటే నీళ్లు లాక్కుపోయాయి. దానిమ్మ చెట్టు కింద కూర్చుని ఆమె నదిని తిట్టింది. తిట్లు భరించలేక నది ఒక తివాచీ తెచ్చి ఒడ్డున పడేసింది. నాది కాదని ఆమె తిరిగి విసిరేసింది. నది ఈసారి పట్టు తివాచీ తెచ్చింది...

"పట్టుదా?" ఆపాడు. "మా అమ్మ పట్టు తివాచీ మాట ఎత్తగా నేను వినలేదు."

"అది నాదే అయ్యుంటాది. కొట్టేయండి."

"దానిమ్మ చెట్టు?"

"అదీ నేను నాటిందే. ఇరాన్ కదా అని."

నవ్వబోయి మానుకున్నాడు. తిట్లలో చాలా భాగం రాయపురం రేవువి, అవీ పోయాయి. కాగితం మీద కొన్ని వాక్యాలే మిగిలాయి.

"చివరికి ఆమె తివాచీ ఆమెకు దొరికిందా?"

ఆ రోజు వాళ్లమ్మ ముగింపు చెబుతుండగానే, దీన్ని మన వీధిలో ఎలా తిప్పాలా అని నేను లోపల అల్లుకుంటూ ఉన్నాను. నేను అల్లింది గుర్తుంది. ఆమె చెప్పింది లేదు.

ఏదో ఒకటి అనేయడం నాకెంత పని? తివాచీ దొరికిందనో, ముసలామే నదిలోకి నడిచిందనో. ఆయన నమ్మేవాడు. కలం పట్టుకుని, నమ్మడానికే కూర్చున్నాడు.

"తెలీదు సారూ," అన్నాను.

"పోనీ, మీ ముగింపు చెప్పండి. మీ పేరు వేస్తాను."

"వద్దు. మీ అమ్మ ఒక్క కథే ఇచ్చింది. దాంట్లో నా పేరెందుకు?"

ఆయన, నాది కాదని ముసలామె విసిరేసిన చోటే కథ ఆపి గీత గీసి, దాని కింద వాళ్లమ్మ పేరు రాశాడు. రాసి, ఆ పేరును ఒకసారి పైకి చదివాడు, పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు.