అప్ప బరువు పెరిగిన వారం

ఉద్యోగంలో చేరిన రోజు డైరీ రాయడం మొదలెట్టేను. రిటైరయ్యాక కూడా మానలేదు. పోయిన ఏడాది నుంచి మాత్రం ప్రతి పేజీలో మొదట రాసేది మా అప్ప బరువు.

మా వైపు అక్కని అప్ప అంటాం. నాకన్నా ఆరేళ్ళు పెద్ద. చోడవరంలో మా ఇంటికి పక్క వీధిలోనే ఉంటుంది. గుండె నీరసపడిందని, రక్తాన్ని తోయవలసినంతగా తోయలేకపోతోందని అనకాపల్లి డాక్టరు చెప్పినప్పట్నుంచి, పొద్దున్నే వెళ్ళి ఆమెను తూచడం నా పని. బావకి కళ్ళు ఆనవు, మిషను మీద అంకెలు కనిపించవు. నేను ముప్పై ఏళ్ళు చెరకు కాటా దగ్గర గుమాస్తాగా చేసినవాణ్ణి. నిండు బండి తూచి, ఖాళీ బండి తూచి, తేడా రాయడం అలవాటు. అంచేత అప్ప శాలువా కప్పుకుని నిలబడితే, శాలువా విడిగా తూచి ఆ బరువు తీసేసేవాణ్ణి.

"ఏట్రా, నన్ను బెల్లం దిమ్మలా తూస్తన్నావు? సంతకి తోలెస్తావేటి?" అనేది.

చిన్నప్పుడు అందరూ ఆమెను బెల్లం దిమ్మ అనే పిలిచేవారు. గుండ్రటి మొహం, నిండు చేతులు. నన్ను చంకనేసుకుని బుచ్చయ్యపేట దగ్గరున్న మా పొలానికి నడిచేది. గట్టు మీద ఎంత కుదిపినా నాకు మెత్తగానే ఉండేది. ఎవరైనా వచ్చి ఆడగుంట ఒళ్ళు చేసిందంటే మా అమ్మ ఆ పూటంతా ఉషారుగా ఉండేది. చిక్కిందంటే ఇంట్లో ఏదో లోటున్నట్టు చిన్నబుచ్చుకునేది. ఆరోగ్యానికి అప్పట్లో మాకున్న కొలత అదొక్కటే.

జబ్బు వచ్చాక అప్ప బుగ్గలు పీక్కుపోయేయి. పొట్ట అలాగే ఉంది, షుగరూ ఉంది, చేతులూ తొడలూ మాత్రం కరిగిపోయేయి. నోటికి ఏదీ రుచించదు. రెండు ముద్దలు తిని కంచం తోసేసేది. ఇలా కరిగి కరిగి మనిషి మాకు దక్కదేమోనని నా భయం. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే వెంటనే ఫోన్ చెయ్యాలని డాక్టరు చెప్పిన మాట డైరీ అట్ట లోపల రాసుకున్నాను. రాసుకున్నాను గాని, పెరగడం మంచిదే కదా, దానికి ఫోన్ ఎందుకని అడగలేదు.

ధనుర్మాసంలో ఒకరోజు అప్ప తరవాణి అన్నం కావాలంది. గంజీ నీళ్ళూ పోసిన అన్నాన్ని కుండలో పులియబెట్టి, ఉప్పేసి, మా అమ్మ పొద్దున్నే ఇంటిల్లిపాదికీ పెట్టేది. కుండ అడుగున మిగిలే చిక్కటి మెతుకులు ఎవరికి దక్కాలన్న గొడవలో ఎప్పుడూ అప్పే గెలిచేది. గెలిచి, సగం నాకు పెట్టేది. ఉప్పు మాన్పించేరు కదా అని నా భార్య గుర్తు చేసింది. నేను వినలేదు. తినని మనిషి నోరు తెరిచి అడిగితే కాదంటామా? కొత్త కుండ తెచ్చి నేనే పులియబెట్టేను. అప్ప ఆవకాయ నంజుకుంటూ గిన్నెడు తాగింది. మర్నాడూ తాగింది. ఆ మర్నాడు రెండోసారి పోయించుకుంది. చాలా రోజులకి మేమిద్దరం అమ్మ గురించి తీరుబడిగా మాట్లాడుకున్నాం.

బరువు పెరగసాగింది. ముందు ఆరు వందల గ్రాములు, తర్వాత ఇంకో ఎనిమిది వందలు. మూడో రోజుకి రెండు కిలోలు దాటింది. శాలువా తీయించి మళ్ళీ తూచేను, సరిగ్గానే ఉంది. 'తినడం మొదలెట్టింది, కండ పడుతోంది' అని రాసి, కింద గీత కూడా గీసేను. పడుకుంటే ఆయాసం వస్తోందని, కూర్చునే కునుకు తీస్తోందని బావ అన్నాడు. చలి వల్ల అనుకున్నాం. అయిదో రోజు కాలికి చెప్పు పట్టలేదు. చీలమండ దగ్గర వేలితో నొక్కితే సొట్ట పడి అలాగే ఉండిపోయింది.

అనకాపల్లి తీసుకెళ్తే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. డాక్టరు మా అమ్మాయి వయసు మనిషి. డైరీ అడిగి తీసుకుని, పేజీలు వెనక్కి తిప్పి, నేను గీసిన గీత దగ్గర ఆగింది.

"ఇంత శ్రద్ధగా రాసేరు. ఇది కండ కాదండీ, నీరు."

ఆవిడ కోప్పడలేదు. అప్పకి నీరు తీసే ఇంజెక్షను ఇప్పించి, కుర్చీ లాక్కుని నిదానంగా చెప్పింది. తరవాణిలోనూ ఆవకాయలోనూ ఉన్న ఉప్పు నీటిని ఒంట్లో పట్టి ఉంచిందట. పెరిగింది కొవ్వయినా మేలని కాదట; కొవ్వంటే ఊరికే పడున్న నిల్వ సరుకు కాదట, అదీ రక్తంలోకి హార్మోన్లు వదులుతుందట. పేర్లు అడిగి రాసుకున్నాను. ఒళ్ళో నిల్వ ఎంతుందో మెదడుకి చెప్పి ఆకలిని అదుపులో పెట్టేది లెప్టిన్. చక్కెరని ఒళ్ళు సరిగ్గా వాడుకునేలా చూసేది అడిపోనెక్టిన్. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుంటే ఈ కబుర్లు అస్తవ్యస్తమై షుగరుకీ గుండెకీ చేటు. అడిపోనెక్టిన్ ఎక్కువుంటే మామూలు మనిషికి మంచిదేనట. గుండె నీరసించి చిక్కిపోతున్నవాళ్ళలో కూడా అది ఎక్కువగా కనబడుతుంది గాని, అక్కడ మంచి గుర్తు కాదట. ఎందుకో చదువుకున్నవాళ్ళకే ఇంకా పూర్తిగా తెలీదంది. అందుకే బరువు అంకె ఒక్కటే చూసి సంబరపడకూడదు. అందులో నీరెంత, కొవ్వెంత, కండెంత అన్నది చూడాలి.

బండినీ చెరకునీ విడదీసి రాయడంలో ముప్పై ఏళ్ళు గడిపిన నాకు ఈ మాట ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది.

నాలుగు రోజుల్లో మూడు కిలోలు దిగింది. ఊపిరి తేలికపడ్డాక అప్ప నన్ను మంచం దగ్గరకి పిలిచింది.

"నీ తప్పు కాదురా. అడిగింది నేను. అమ్మ సేతిది తాగినట్టే ఉంది."

అప్పని ఇంటికి పంపించేరు.

ఆవకాయ జాడీ మా ఇంటికి తెచ్చేసేను. గుడ్డు, పప్పు, పెరుగు, అన్నీ ఉప్పు తగ్గించి, రోజుకి అయిదుసార్లు కొంచెం కొంచెంగా పెడుతున్నాం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం సాధన చెయ్యమన్నారు. రెండు నెలలు ఒక్కసారీ లేవలేకపోయింది. పక్కన కూర్చుని నేను లెక్కపెడితే, చెరకు మోపులనుకున్నావా అని కసిరేది.

మొన్న చూపించడానికి వెళ్తే బరువు నాలుగు వందల గ్రాములు ఎక్కువ చూపించింది. మళ్ళీ నీరేనా అని అడిగేను. డాక్టరు కాళ్ళు నొక్కి చూసింది. ఎక్కడా సొట్ట పడలేదు. చేతులు గుండె మీద పెట్టుకుని కుర్చీలోంచి లేవమంది. అప్ప ఒకసారి బావ వైపు, ఒకసారి నా వైపు చూసి ముందుకి వంగింది. లేచి నిలబడింది.

ఈసారి పెరిగింది కండేననుకోవచ్చు అంది డాక్టరు.

"మళ్ళీ లెగమంటావేటమ్మా?" అంది అప్ప, ఇంకా కూర్చోకుండానే.