ఎనిమిదంటే ఎనిమిదే

విజయవాడ వన్ టౌన్‌లో చీరల కొట్ల సందులోకి తిరగగానే కొత్త బట్టల గంజి వాసన ముక్కుకి తగులుతుంది. నిన్న మా ఆడపడుచు కూతురికి లంగా ఓణీ కొందామని వెళ్ళి, ఆ వాసనకి సందు మొదట్లోనే ఆగిపోయాను. వెనక తోపుడుబండివాడు విసుక్కుంటున్నా కాళ్ళు కదల్లేదు. నాకు ఆ వాసన అంటే కోటేశ్వరరావు గారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పై అధికారులు చాలామందే వచ్చారు, వెళ్ళారు. పని నేర్పింది మాత్రం ఆ సందులో ఒక హోల్‌సేల్ కొట్లో ముప్పై ఏళ్ళు చీరలు విప్పి చూపించి, మళ్ళీ మడత పెట్టిన ఆ గుమాస్తా గారే.

ఉయ్యూరు నుంచి వచ్చి, ఫార్మసీ చదివి, విజయవాడలో ఒక ఆసుపత్రిలో ట్రయల్స్ కోఆర్డినేటర్‌గా చేరిన కొత్తలో సంగతి ఇది. కొత్త మందు పనిచేస్తుందో లేదో, ఒప్పుకుని ముందుకొచ్చిన రోగులకి ఇచ్చి చూస్తారు. వాళ్ళకి అన్నీ వివరించడం, వచ్చినప్పుడల్లా ఎలా ఉందో అడిగి రాసుకోవడం నా పని. అప్పుడు కీళ్ళవాతానికి ఒక మాత్ర మీద ట్రయల్ మొదలైంది. కోటేశ్వరరావు గారు తెల్ల చొక్కా చేతులకి గుండీలు పెట్టుకోకుండా వచ్చారు. పెట్టుకోలేకేనని తర్వాత తెలిసింది. వేళ్ళ కణుపులు వాచి, పిడికిలి సగమే మూసుకునేది. పొద్దున పదకొండింటి దాకా చీర మడత పడటం లేదని, షావుకారు మంచివాడు కాబట్టి ఇంకా ఏమీ అనలేదని, ఏదో ఒక రోజు గోడౌన్‌లో కూర్చోమంటాడని భయంగా ఉందని చెప్పారు. చీర చేత్తో పట్టుకోని రోజు తాను కొట్లో ఉన్నా లేనట్టేనట.

అంగీకార పత్రం ఇస్తే మిగతావాళ్ళలా చివరి పేజీ తిప్పి సంతకం ఎక్కడని అడగలేదు. ఇంటికి పట్టుకెళ్ళి, రెండు రోజుల తర్వాత వచ్చి, పేజీ పేజీకీ ప్రశ్నలు వేశారు. సగం మందికి కొత్త మందు, సగం మందికి అచ్చం అలాగే ఉండి లోపల మందు లేని ఉత్త మాత్ర ఇస్తారని, ఎవరికి ఏది వెళ్ళిందో ఆయనకే కాదు, నాకూ డాక్టరు గారికీ తెలియదని చెప్పాను. పాత మందులు వాడుకుంటూనే ఉండొచ్చు, వద్దనుకుంటే ఎప్పుడైనా మానుకోవచ్చు. అంతా విని సంతకానికి సిద్ధమయ్యారు. ఏడాది పాటు ఉత్త మాత్ర మింగాల్సి వస్తే ఎలాగండీ, ఎందుకు చేరుతున్నారని ఉండబట్టలేక అడిగాను.

"మా అమ్మ మగ్గం నేసేదమ్మా. నలభై ఏళ్ళకే వేళ్ళు వంకర్లు పోయినయ్. దీనికి మందు లేదని పంపించేశారు. నన్ను పదేళ్ళు ఈ పాత మాత్రలే లాక్కొచ్చినయ్. ముందు ఎవరో మింగి చూడబట్టే కదా అయ్యి నా దాకా వచ్చింది? వాళ్ళలోనూ కొంతమందికి ఉత్త మాత్రే పడుంటది" అన్నారు. అని, నేను ఎక్కడ గొప్పవాడని పొగుడుతానోనని వెంటనే, "నా వేళ్ళు నాక్కావాలన్న ఆశ కూడా ఉందిలెండి, నేనేం సన్నాసిని కాదు" అన్నారు.

నెలనెలా వచ్చినప్పుడు సున్నా నుంచి పది లోపు నొప్పికి ఒక అంకె చెప్పాలి. మా వైపు రోగులకి అసలు జబ్బుతో పాటు మర్యాద అని ఇంకో జబ్బు ఉంటుంది. కుంటుకుంటూ వచ్చినవాళ్ళు కూడా డాక్టరు గారు నవ్వుతూ పలకరిస్తే, మీ దయవల్ల పర్లేదండీ అంటారు. నాకూ ఆ జబ్బు బాగానే ఉండేది. కోటేశ్వరరావు గారు మొదటి నెల ఎనిమిది అన్నారు. రెండో నెల ఎనిమిది, నాలుగో నెలా ఎనిమిదే. నాకు ప్రాణం ఉసూరుమంది. కొంచెమైనా తగ్గే ఉంటుంది కదండీ, ఏడు వేసుకోనా అని అడిగాను.

ఆయన నా కలం వైపు చూశారు.

"అమ్మా, మీరు నాతో బేరమాడుతున్నారు. ముప్పై ఏళ్ళుగా నా పని అదే, నాకు తెలీదా? బేరం కొట్లో ఆడుకుందాం. ఇక్కడ ఫిక్స్‌డ్ రేటు. ఎనిమిదంటే ఎనిమిదే."

సిగ్గుపడి ఎనిమిదే వేశాను. నేను జాలిపడి ఒక అంకె తగ్గిస్తే, ఇంకొకరు మొహమాటపడి ఇంకో అంకె తగ్గిస్తే, మందు ఏదో ఉత్త మాత్ర ఏదో తేలదని, పనికిరాని మందుని రేపు తన తల్లిలాంటి మనిషి నమ్ముకుని మింగుతుందని ఆయనే నాకు వివరించారు. ట్రైనింగ్‌లో నాకు ఎక్కని ముక్క అది. ఆ రోజు నుంచి బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి కూడా క్లాసు తీసుకోవడం మొదలుపెట్టారు. మర్యాదలు బయట చూసుకుందాం, లోపల ఉన్నది ఉన్నట్టు చెప్పండని ఒకటే పోరు. కంకిపాడు నుంచి వచ్చే ఒకావిడ తన నొప్పి మూడుకి దిగిందని చెబితే, తనకే తగ్గినంత సంబరపడ్డారు. ఆయన అంకె మాత్రం దిగలేదు. ఎనిమిదో నెలలో షావుకారు ఆయన్ని గోడౌన్‌కి పంపించేశాడు. మానుకోవచ్చని డాక్టరు గారు రెండుసార్లు గుర్తుచేశారు. ఆయన ఒక్క నెల కూడా తప్పకుండా వచ్చి, ఎనిమిది అని చెప్పి, బస్సెక్కి వెళ్ళేవారు.

ఫలితాలు వచ్చాయి. మందు పనిచేసింది. కోటేశ్వరరావు గారికి ఏడాదంతా ఉత్త మాత్రే వెళ్ళింది. గుక్కెడు నీళ్ళు తాగి ఆ మాట చెప్పాను. ఆయన తన వేళ్ళ వంక చూసుకున్నారు. తర్వాత మొహం విప్పారింది.

"అయితే నా ఎనిమిది కరెక్టేనన్నమాట" అన్నారు. "ఆ కంకిపాడు ఆవిడ మూడు నిజంగా మూడేనని తెలిసింది, దాని పక్కన నా ఎనిమిది పెట్టి చూడబట్టే కదమ్మా."

పరీక్ష పాసైన కుర్రాడి గొంతు అది. నేను ఏడ్చేశాను. మంచినీళ్ళ సీసా రెండు చేతులతో పట్టుకుని ఆయనే నాకు అందించారు.

అంగీకార పత్రంలో ముందే రాసి ఉన్న ప్రకారం, ఉత్త మాత్ర పడ్డవాళ్ళందరికీ అసలు మందు ఇచ్చారు. ఆరు నెలలకి ఆయన నన్ను కొట్టుకి రమ్మని కబురు చేశారు. వెళ్ళేసరికి గోడౌన్‌లో కాదు, తెల్ల పరుపు మీద తన పాత చోట్లో కూర్చుని ఉన్నారు. చొక్కా చేతులకి గుండీలు పెట్టి ఉన్నాయి. ఆకుపచ్చ చీర ఒకటి తీసి ఒక్క విసురుతో నా ముందు పరిచారు. మళ్ళీ అంచుకి అంచు కలిపి రెప్పపాటులో మడత పెట్టేశారు. షావుకారుతో సహా కొట్లో అందరూ పనులాపి చూశారు. నొప్పి ఎంతండీ అని అడిగితే రెండు అన్నారు. ఒకటి వేసుకోనా అన్నాను. ఇద్దరం కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం.

ఆయన పోయి రెండేళ్ళయింది. చివరి వారం దాకా ఆ పరుపు మీదే కూర్చున్నారట. ఆ మందు ఇప్పుడు మామూలు మందుల షాపులో దొరుకుతుంది, మింగేవాళ్ళకి ఆయన పేరు తెలియదు. నాకు తెలుసు, అందుకు గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు నా దగ్గర ఆరుగురు పని నేర్చుకుంటున్నారు. ఈ ఉదయం ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన ఒక పెద్దాయన మోకాళ్ళ నొప్పికి తొమ్మిది అన్నారు. కొత్తగా చేరిన అమ్మాయి జాలిగా ఆయన మొహంలోకి చూసి, ఎనిమిది వేసుకోనా తాతగారూ అంది. నేను వెనక నుంచి వెళ్ళి కలం అందుకున్నాను.

"ఇక్కడ బేరం లేదమ్మా" అని, తొమ్మిది వేశాను.