సగం నాలుక తిమ్మిరి

మందమర్రి కాలనీలో మాకూ పక్కింటివాళ్లకూ కలిపి ఒకటే నల్లా. మా ఆయనా, పక్కింటామె భర్తా ఒకే గనిలో పనిచేసేవారు, ఒకే సైకిల్ మీద డ్యూటీకి పోయేవారు. మేమిద్దరం మాత్రం పొద్దున లేస్తే నల్లా దగ్గర కొట్లాటే. ఆమె నాకంటే చాలా పెద్దది. తిట్టేటప్పుడు కూడా అక్కా అనే పిలిచేదాన్ని.

ఎనభైలలో ఒక ఎండాకాలం. నీళ్లు సన్నటి ధారగా వస్తున్నాయి. నా బిందె నిండకముందే ఆమె తన బిందె పెట్టేసింది.

"అక్కా, జర పక్కకు జరుపు. నా వంతు అయిపోలే."

"పొద్దటిసంది నీ వంతే నడుస్తున్నది గదనే!"

మాటకు మాట పెరిగింది. చివరికి ఆమె "నీ నాల్క వడిపోను!" అంది. జవాబు చెబుదామని విసురుగా మెడ తిప్పాను. కుడి చెవి వెనక, మెడ పైభాగంలో కత్తితో పొడిచినట్టయింది. ఆ వెంటనే నాలుక కుడి సగం మొద్దుబారింది. "అక్కా" అనబోతే "అత్తా" అని వచ్చింది.

ఆమె ముఖం పాలిపోయింది. బిందె వదిలేసి నన్ను పట్టుకుంది.

"అయ్యో నా తల్లీ, నోటికొచ్చిందేదో అన్న. నిజంగనే వడిపాయెనా!"

కాసేపటికే నాలుక మామూలైపోయింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆ వారంలోనే, కూరలామె కేక వేస్తే గబుక్కున తిరిగినప్పుడు మళ్లీ అలాగే అయింది. పక్షవాతమేమోనని ఈసారి నాకూ భయమేసింది. మా ఆయనకు సెలవు దొరకలేదు. అక్కే నన్ను కరీంనగర్‌లో నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. బస్సులో దారి పొడుగునా "కొండగట్టు అంజన్నా, దీని నాల్క కాపాడు, దీన్ని తోల్కొని నీ కొండెక్కుత" అని మొక్కుతూనే ఉంది.

డాక్టరు నా మెడను మెల్లగా అటూ ఇటూ తిప్పించాడు. ఏమీ కాలేదు. అబద్ధం చెప్తున్నాననుకుంటాడేమోనని సిగ్గేసింది. అంతలో బయట కూర్చున్న అక్క ఓపిక పట్టలేక తలుపు తోసి "ఏమన్నడే?" అని అరిచింది. టక్కున తిరిగాను. అంతే, వచ్చేసింది!

డాక్టరు కుర్చీలోంచి లేచి, దూదితో నా నాలుకను రెండు పక్కలా తాకి చూశాడు. కుడిపక్క నాకేమీ తెలియలేదు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"భయపడకమ్మా. నాలుక నుంచి వచ్చే నరం పోగులు కొన్ని మెడ పైనున్న నరంల కలుస్తయి. విసురుగా తిప్పితే ఆ నరం నలుగుతది. అందుకే నొప్పి, తిమ్మిరి ఒక్కసారే వస్తయి. చాన అరుదు. పుస్తకాల చదివిన గని, కండ్ల చూసుడు ఇదే మొదలు."

"అయితే నా తిట్టు తాకలేదా సారూ?" అంది అక్క.

"తిట్లకు నరాలు నలుగవమ్మా."

ఆమె అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చింది.

మెడకు పట్టీ వేసుకొమ్మన్నాడు, కొన్ని కసరత్తులు చూపించాడు, నెత్తిన బరువులు పెట్టొద్దన్నాడు. ఆ ఎండాకాలమంతా మా ఇంటి నీళ్లు కూడా ఆమే మోసింది. నేను పట్టీతో గడపలో కూర్చొని ఆమె పిల్లల జడలు వేసేదాన్ని.

చలికాలానికి ఆ తిమ్మిరి రావడం ఆగిపోయింది. మొక్కు తీర్చుకోవడానికి ఇద్దరం కొండగట్టు పోయాం. కొబ్బరికాయ కొట్టి దిగుతుంటే, మెట్ల మీద వెనక నుంచి ఒక కోతి చిప్పలు మూటగట్టిన నా కొంగు లాగింది.

"మెడ తిప్పకే! మొత్తం మనిషివే తిరుగు!" అని అక్క అరిచింది.

నేను పెండ్లిపీటల మీది పిల్లలా నిదానంగా తిరిగేసరికి కోతి ఒక కొబ్బరిచిప్పతో గోడెక్కింది. మిగిలిన చిప్పను చెరి సగం చేసుకొని, ఎండలో మెట్ల మీద కూర్చొని తిన్నాం.